కుడి పట్టీ

మార్చి 3, సోమవారం

డాక్టరు 'వెళ్ళొచ్చు' అన్నాడు. అనేముందు కాసేపు ఆగాడు. ఈయనకి 'వెళ్ళొచ్చు' ఒక్కటే వినిపించింది, నాకు ఆ ఆగడం ఒక్కటే వినిపించింది. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఇద్దరం రెండు వేరే మాటలు విని బయటికొచ్చాం.

మెట్లు దిగుతూనే లెక్కలు మొదలుపెట్టాడు. ముప్పై రోజుల నడక, రోజుకి ఇరవై కిలోమీటర్లు, చివరి ఆరు రోజులు కొండ. ఏప్రిల్ ఏడున బయలుదేరడం. లిఫ్టు ఉండగా మెట్లెందుకండీ అన్నాను. "ముప్పై ఏళ్ళు లిఫ్టు నడిపాను, ఒక్క ఊరూ రాలేదు" అన్నాడు. ఎదురొస్తున్న నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పద్నాలుగు నెలల క్రితం ఇదే ఆసుపత్రి వరండాలో, ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక, నేను మొక్కుకున్నాను. అన్న మాటలు ఇవీ: "ఈ మనిషిని నాకు తిరిగి ఇచ్చెయ్యి. కొండ మీది నీ మందిరానికి ఈయన్ని నడిపించి పంపిస్తాను." నేను నడుస్తాననలేదు. ఎందుకనలేదో ఇప్పటికీ తెలియదు. ఆ నిమిషాన నోటికేది వస్తే అది అన్నాను. ఈయన బతికాడు. ఆ సంతోషంలో మొక్కు సంగతి కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది కూడా నేనే.

ఇప్పుడు వద్దని ఏ మొహం పెట్టుకుని అనను?

మార్చి 6, గురువారం

బూట్లు కొన్నాడు. సాయంత్రమే కొనాలట, పొద్దంతా తిరిగితే పాదం ఉబ్బుతుందట, ఆ ఉబ్బిన పాదానికి అర సైజు పెద్దది తీసుకోవాలట. కొట్లో ఏటవాలు చెక్క ఒకటి పెట్టారు. దాని మీద ఎక్కి దిగి చూడాలి. వేళ్ళు ముందుకి తగులుతున్నాయా అని కొట్టతను అడుగుతుంటే నేను ఈయన మొహం చూస్తున్నాను. మూడోసారి ఎక్కినప్పుడు నోరు తెరిచి గాలి పీల్చాడు. ఇంకెవరూ గమనించలేదు.

మెత్తబడాలని ఇంట్లో కూడా అవి వేసుకునే తిరుగుతున్నాడు. కింది వాటా ఆవిడ పైకొచ్చి "గుర్రాన్ని గానీ తెచ్చారా?" అని అడిగి వెళ్ళింది.

మార్చి 9, ఆదివారం

దారి మాస్టారు మా ఇంట్లో సంచుల పరీక్ష పెట్టారు. ఆయన వ్యాయామం మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ దారిన పదకొండుసార్లు నడిచారు కాబట్టి అందరికీ దారి మాస్టారే. ఈసారి ఆయన వెంట వెళ్ళేది ఏడుగురు.

కొక్కెం త్రాసు తెచ్చి ఒక్కొక్క వస్తువూ దానికి తగిలించారు. నీళ్ళతో సహా వీపు మీద ఏడు కిలోలు దాటకూడదు. తువ్వాలు సగానికి కత్తిరించమన్నారు. సబ్బు సగం చెయ్యమన్నారు. దువ్వెన తీసి పక్కన పెట్టారు, ఈయన తలకేసి చూసి. మేజోళ్ళు మూడు జతలు, లోపలికి పల్చనివి, పైకి మందమైనవి. బ్యాగుని కూడా కప్పేంత వానకోటు. మందుల డబ్బా మాత్రం త్రాసుకి తగిలించనివ్వలేదు నేను. "అది లెక్కలోకి రాదు మాస్టారూ" అన్నాను. గొంతు కాస్త పెరిగినట్టుంది, అందరూ నా వంక చూశారు.

బ్రష్షు కాడ కూడా బరువేనని ఈయన దాన్ని రంపంతో కోసేశాడు. రేపట్నుంచి రెండు వేళ్ళతో పట్టుకుని తోముకోవాలి.

"బ్యాగు మాత్రం మంచిది కొనండి" అన్నారు మాస్టారు.

"మా ఆవిడ పంతొమ్మిదేళ్ళుగా డేరాలు కుడుతోంది మాస్టారూ. గాలివానకి డేరా ఎగిరిపోవాలే గానీ ఆవిడ కుట్టు విడిపోదు. నాకు కొట్టు బ్యాగేమిటి?"

నన్ను అడగకుండానే అనేశాడు. కాదనలేకపోయాను. పైగా గర్వంగా కూడా అనిపించింది, సిగ్గులేకుండా.

మార్చి 12, బుధవారం

టేపు పెట్టి ఈయన వీపు కొలిచాను. మెడ ఎముక నుంచి నడుం దాకా పద్దెనిమిదిన్నర అంగుళాలు. భుజాలు ఇదివరకటి కంటే సన్నబడ్డాయి. కొలత రాసుకుని మళ్ళీ కొలిచాను, అవసరం లేకపోయినా. "ఏమోయ్, పెళ్ళికి సూటు కుడుతున్నావా?" అన్నాడు.

వర్క్‌షాపులో భోజనాల వేళ కుట్టాను. పెద్ద మిషన్, లావు సూది, మైనం పట్టిన నైలాన్ దారం. పట్టీ బ్యాగుకి అతికే చోట నలుచదరంగా ఒక కుట్టు, దాని మధ్యలో ఇంటూ గుర్తు, మొదట్లో మూడు, చివర్లో మూడు వెనక్కి కుట్లు. ఆ వెనక్కి కుట్లు పడితేనే దారం బిగుస్తుంది, లేకపోతే కొసన పట్టి లాగితే మొత్తం ఊడొస్తుంది. ఇదంతా వదిన నేర్పిన పని. వదినంటే ఈయన అక్క. నలభై ఏళ్ళు టైలరింగు చేసింది. పెళ్ళైన కొత్తల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. వెనక్కి కుట్టు మర్చిపోతే తలమీద మొట్టికాయ పడేది. నాకు ఇరవై నాలుగేళ్ళు అప్పుడు, మొట్టికాయలు తినే వయసు కాదు. అయినా తిన్నాను.

నా చేత్తో ఇంత మంచి బ్యాగు ఎప్పుడూ కుట్టలేదు. ఆ మాట రాస్తుంటే ఏడుపొస్తోంది.

మార్చి 16, ఆదివారం

మొదటి రిహార్సల్. బరువుతో సహా ఊరి చివర పాత రాతి గని మెట్లు, రెండు వందల పద్నాలుగు. రెండుసార్లు ఎక్కి దిగారట. ఇంటికొచ్చి నీళ్ళు తాగి "బ్యాగు వీపు మీద ఉన్నట్టే లేదు" అన్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. ఎండకేనట.

సాయంత్రం వదిన వచ్చింది. బ్యాగుని నేల మీద పెట్టి పాదంతో తొక్కిపట్టి, రెండు పట్టీలూ పట్టుకుని లాగింది. "ఊఁ" అంది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ నోటివెంట నాకొచ్చిన మొదటి మెచ్చుకోలు అది.

తర్వాత అసలు మాట చెప్పింది. "నేనూ వెళ్తున్నా. వీడికి మందులు ఎవరిస్తారు? మాస్టారుతో మాట్లాడేశా."

"అరవై ఒకటి వచ్చాయి వదినా మీకు."

"నాకు వచ్చాయి, మోకాళ్ళకి రాలేదు."

అక్కా తమ్ముడూ పగలబడి నవ్వారు. వదిన వెంట ఉంటుందంటే నాకు ధైర్యం రావాలి. రాలేదు. వదిన పక్కన ఉంటే మాత్రం గుండె ఆగేది ఆగకుండా ఉంటుందా?

మార్చి 18

గడ్డం గీసుకుంటూ ఈల వేశాడు. ఆపరేషన్ అయ్యాక ఇదే మొదటిసారి. నాకు ఒళ్ళు మండిపోయింది.

మార్చి 20, గురువారం

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను, ఒక్కదాన్నే. జాగ్రత్తగా ఉండాలన్నాడు.

మార్చి 21

నిన్న పూర్తిగా రాయలేదు. నా పుస్తకంలో నేనే దాచుకోవడం ఏమిటి? డాక్టరు ఇలా అన్నాడు: "అమ్మా, ఆ రోజు ఆగింది రిపోర్టు చదవడానికి. ఆయన గుండె బాగుంది. నెమ్మదిగా నడిస్తే ఇంకా బాగుంటుంది. మీరు ఆయన్ని ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టకండి." ఇంతకంటే విడమరిచి ఎవరు చెప్తారు? ఇంటికొచ్చి ఈయనకీ వదినకీ 'జాగ్రత్త అన్నారు' అని మాత్రం చెప్పాను. ఆపరేషన్ రోజు కూడా డాక్టర్లు బాగానే ఉందన్నారు. పొద్దున బాగుందన్నారు, మధ్యాహ్నానికి ఆపరేషన్ గదిలో ఉన్నాడు.

మార్చి 23, ఆదివారం

ఆఖరి రిహార్సల్ అయిపోయింది. ఇంక బయలుదేరడమే. మాస్టారు పటం పరిచి దారి చూపించారు. మొదటి ఐదు రోజులూ చదును, రోడ్డు పక్కనే నడక, ఎక్కడ పడితే అక్కడ బస్సు దొరుకుతుంది. ఆ మాట నేను రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

మార్చి 25, మంగళవారం

కుడి పట్టీ విప్పాను. మళ్ళీ కుట్టాను.

మార్చి 26, బుధవారం

రాసేస్తే మనసు కుదుటపడుతుందేమో.

ఈయన బయటికెళ్ళినప్పుడు చేశాను. ఇంట్లో మిషన్ మీద, చొక్కాలు కుట్టే దారంతో. రంగు అచ్చంగా అదే. కుట్టు పొడవు పెంచాను. నలుచదరం ఉంది, ఇంటూ గుర్తూ ఉంది, చూసేవాళ్ళకి తేడా తెలియదు. చివర వెనక్కి కుట్టలేదు.

రెండు రోజులు ఆగుతుంది. మూడో రోజో నాలుగో రోజో, చదును దారిలో, రోడ్డు పక్కన తెగుతుంది. ఒక్క పట్టీతో ఏడు కిలోలు ముప్పై రోజులు మోసేవాడెవడూ లేడు. అయ్యో అనుకుంటారు. బస్సెక్కి వచ్చేస్తాడు. బయలుదేరాడు కాబట్టి మొక్కు తప్పినట్టు కాదు. సంచి తెగింది కాబట్టి ఈయన ఓడినట్టూ కాదు. నేను వద్దన్నదీ లేదు. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

ఏడు కిలోల ఇసుక మూట నింపి బ్యాగుని ఆ పట్టీతోనే పెరటి కొక్కేనికి పొద్దున తగిలించాను. సాయంత్రానికి కుట్టు చెక్కుచెదరలేదు. లెక్క సరిగ్గానే ఉంది.

మార్చి 28

నేనేమీ ఈయన్ని తొయ్యడం లేదు. ఆపుతున్నాను, అంతే. చంటిపిల్లాడు మెట్ల దగ్గరికి పాకుతుంటే అడ్డంగా కాలు పెట్టమా?

వదిన బజార్లో బ్యాగు కొనుక్కుంది. ఆవిడ వీపుకి అది బాగా పొడుగు. నడుం కిందికి వేలాడుతోంది. సర్దిస్తానంటే "నీకున్న పని చాలు" అంది.

మార్చి 29, శనివారం

మాస్టారు ఇంకో రిహార్సల్ పెట్టారు, రేపు. వదిన కొత్తగా చేరింది కదా, ఆవిడ ఒక్కసారైనా బరువుతో మెట్లెక్కాలన్నారు. ఈయనా వెళ్తాడట.

ఒక్క పూటే. ఒక్క పూటకి ఏమీ కాదు. ఇసుక మూటతో చూశాను కదా. విప్పి గట్టిగా కుట్టేసి, తర్వాత మళ్ళీ మార్చొచ్చు అనుకున్నాను. బ్యాగు సర్దేసి తలుపు పక్కన పెట్టేశాడు. ఇప్పుడు ఖాళీ చేస్తే ఎందుకంటాడు. ఒక్క పూటే.

మార్చి 30, ఆదివారం

వదిన మెట్ల మీద పడిపోయింది. కుడి చెయ్యి విరిగింది. బ్యాగు వదిన భుజాన ఉంది. మా బ్యాగు.

మార్చి 31, సోమవారం

వదినకి తన బ్యాగు నడుం మీద కొట్టుకుంటోందట. నలభై మెట్లెక్కాక కూర్చుండిపోయిందట. ఈయన "అక్కా, నాది వేసుకో, నీది నేను మోస్తా" అని మార్చాడు. మందుల డబ్బా, ఇద్దరి నీళ్ళు కూడా అందులోనే. వదిన సంచిని ఎప్పుడూ రెండు భుజాలకీ వేసుకోదు, విసురుగా కుడి భుజానికే తగిలిస్తుంది. పెరటి కొక్కేనికి కదలకుండా వేలాడిన ఇసుక మూటకీ, విసురుగా భుజాన పడే బరువుకీ తేడా పంతొమ్మిదేళ్ళు డేరాలు కుట్టినదాన్ని నాకు తెలియదా?

నూట ముప్పయ్యో మెట్టు దగ్గర పట్టీ ఊడింది. వదిన వెనక్కి పడింది. పదకొండు మెట్లు దొర్లింది. మాస్టారు కింద ఉండి ఆపారు కాబట్టి సరిపోయింది. పక్కన గని గొయ్యి ఉంది. ఆ వైపు పడి ఉంటే... రాయలేను.

తల మీద నాలుగు కుట్లు. చేతికి మోచెయ్యి పైదాకా కట్టు. ఆరు వారాలు.

ఈయన ఆసుపత్రి వరండాలో కూర్చుని "నేనే మార్చాను, నేనే మార్చాను" అంటూనే ఉన్నాడు. అదే వరండా. పక్కనే కూర్చుని వీపు నిమిరాను. నోరు మాత్రం తెరవలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

వదినని ఇంటికి తీసుకొచ్చాం. మా ఇంటికి రెండు వీధుల అవతలే ఆవిడ ఇల్లు. నేను ఆరు వారాలూ అక్కడే ఉంటానన్నాను. ఈయన మందులకని బయటికెళ్ళగానే వదిన నన్ను పిలిచింది. "తలుపు వెయ్యి" అంది. ఎడమ చేత్తో దిండు కింద నుంచి ఆ పట్టీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆసుపత్రిలో బ్యాగు ఈయన చేతిలో ఉంటే అడిగి పట్టీ మాత్రం ఊడదీయించుకుందట.

"ఇది ఎవరు కుట్టారు?"

"నేనే వదినా."

"వర్క్‌షాపులోనా?"

"మొదట అక్కడే."

"తర్వాత?"

వదిన పట్టీ కొసని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. కొసన దారం తేలిపోయి ఉంది, ఎక్కడా తెగకుండా, వరసగా జారిపోయి. తెగిన కుట్టు ఒకలా ఉంటుంది, ఊడిన కుట్టు ఒకలా ఉంటుంది. ఈ ఊళ్ళో ఆ తేడా చూడగానే చెప్పగలిగేది మేమిద్దరమే.

"చొక్కా దారం" అంది. "వెనక్కి కుట్టు లేదు. నిద్రలో కుట్టినా నువ్వు వెనక్కి కుట్టకుండా వదలవే. మొట్టికాయ వేద్దామంటే ఆ చెయ్యే లేకుండా చేశావు."

కింద కూలబడ్డాను. అంతా చెప్పాను. మొక్కు, డాక్టరు, ఇసుక మూట, బస్సు. చెప్తుంటే నాకే అర్థమైంది, ఈ పుస్తకంలో ఎంత తీరుగా కనిపించిందో పైకి చెప్తే అంత పిచ్చిగా ఉంది.

వదిన పట్టీని మళ్ళీ దిండు కింద పెట్టేసింది. "మనిషిని దక్కించుకోవడానికి మనిషి వీపు మీద అబద్ధం కుట్టావు" అంది. "వాడికి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనే చెప్తాను వదినా."

"శుక్రవారం దాటనివ్వను. ముందు నీళ్ళు తాగించు, గొంతెండిపోతోంది."

గ్లాసు పట్టుకుని తాగించాను. సగం ఆవిడ మీదే పోశాను.

ఏప్రిల్ 2

చెప్పలేదు.

ఏప్రిల్ 3, గురువారం

ఈయన ప్రయాణం మానేస్తాడనుకున్నాను. నిజం రాయాలి కదా. మానేస్తాడనే ఆశ పడ్డాను. వదినకి తల దువ్వుతూ కూడా ఆ ఆశ పడ్డాను.

వదినే అడ్డం తిరిగింది. "నువ్వు ఆగితే నా చెయ్యి ఊరికే విరిగినట్టు. వెళ్ళు" అంది.

సాయంత్రం మాస్టారు వచ్చారు. కొత్త బ్యాగు కొనాల్సిందేనని పట్టుపట్టారు. "ఏమీ అనుకోకమ్మా, ఇంట్లో కుట్టిన వాటితో ఇదే భయం" అన్నారు నాతో. ఈయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఆవిడ కుట్టులో తప్పు లేదు మాస్టారూ. దారం కంపెనీవాడు మోసం చేసుంటాడు. ఆవిడే మళ్ళీ కుడుతుంది, నేను అదే వేసుకుని వెళ్తాను. ఇంకో మాట వద్దు."

వదిన మంచం మీంచి నా వంకే చూస్తోంది. ఈయన బ్యాగు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "ఇదిగో, నువ్వు దిగులు పడకు. నీ మీద మాట పడనివ్వను" అన్నాడు.

తిట్టినా, చెయ్యి చేసుకున్నా ఇంత నొప్పిగా ఉండేది కాదు. అప్పుడే చెప్పి ఉండాలి. మాస్టారు ఉన్నారని చెప్పలేదు. మాస్టారు వెళ్ళాక వంట ఉందని చెప్పలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

చెప్పాను. పొద్దున్నే వదిన ఇంటి నుంచి వచ్చి, మా వంటింట్లో. టీ కప్పు చేతిలో పెట్టి చెప్పాను. రెండు చేతులూ ఖాళీగా ఉంటే ఏం చేస్తాడోనన్న భయం. ఇరవై ఎనిమిదేళ్ళలో చెయ్యెత్తని మనిషి గురించి అలా అనుకున్నాను.

మధ్యలో ఆపకుండా విన్నాడు. టీ తాగలేదు.

"దారం నువ్వే మార్చావా?"

"నేనే."

"నేను పడిపోతానని తెలిసీ?"

"చదును దారండీ. పడరు. ఆగిపోతారనుకున్నాను. మీకేమైనా అయితే నేను..."

"అక్క పడింది కాబట్టి చెప్తున్నావు. నేను పడి ఉంటే చెప్పేదానివా?"

చెప్పేదాన్ని కాదు. ఆ మాట పైకి అనలేదు, కానీ ఈయన నా మొహంలో చదువుకున్నాడు. కప్పు గట్టు మీద పెట్టాడు.

"నేను చచ్చిపోతానని నీకు భయం, సరే. నేను బతికి పద్నాలుగు నెలలైంది. ఆ సంగతి నీకెవరూ చెప్పలేదా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "లేచి తిరుగుతుంటే వెనకే వస్తావు. పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తావు. నిద్రపోతున్నాననుకుంటావు, నాకు తెలుస్తుంది. ఇంట్లో నువ్వు కాపురం చేస్తున్నది నాతో కాదు, రేపో మాపో పోయేవాడితో."

బూట్లు వేసుకుని బయటికెళ్ళిపోయాడు. సాయంత్రానికి గానీ రాలేదు.

ఏప్రిల్ 5

మాట్లాడలేదు. తనే వడ్డించుకుని తిన్నాడు, తనే గిన్నె కడుక్కున్నాడు. ఒక్క మాటన్నా తిడితే బాగుండు.

ఏప్రిల్ 6, ఆదివారం

కొట్టు బ్యాగు కొనుక్కొచ్చాడు. నేను కుట్టింది గూటిలో ఉంది. వస్తువులన్నీ తనే సర్దుకున్నాడు. బరువైనవన్నీ అడుగున వేశాడు. అలా వేస్తే నడుం లాగుతుంది. చెప్పబోయి ఊరుకున్నాను. బ్యాగు గురించి నోరెత్తే హక్కు నాకేముంది? మందుల డబ్బా మాత్రం నిండిందో లేదో చూసుకునేలా బల్ల మీద పెట్టాను. తీసుకున్నాడు.

ఏప్రిల్ 7, సోమవారం

వెళ్ళాడు. వదిన ఇంటి గుమ్మంలో ఆగి అక్క కాళ్ళ దగ్గర కూర్చుని ఏదో చెప్పాడు. ఆవిడ ఎడమ చేత్తో తల నిమిరింది. నేను ద్వారం పక్కన నిలబడ్డాను. వెళ్తూ "అక్క మాత్రలు ఎనిమిదింటికి" అన్నాడు. నాతోనే అన్నాడు. అంతే.

వీధి మలుపు దాకా చూశాను. బ్యాగు ఎడమకి ఒరిగి ఉంది. వెనక్కి తిరగలేదు.

ఏప్రిల్ 8

ఫోను వదినకి చేశాడు. ఇరవై రెండు కిలోమీటర్లు నడిచారట. నన్ను అడగలేదు.

ఏప్రిల్ 9

వదినకే చేశాడు. రెండు నిమిషాలు.

"నా గురించి ఏమైనా అన్నారా?" అని అడిగాను.

"వాన పడుతోందన్నాడు" అంది వదిన.

ఏప్రిల్ 10, గురువారం

మధ్యాహ్నం వదినకి తల దువ్వుతున్నాను. కుట్లు పడిన చోట తగలకుండా చుట్టూ పాయలు తియ్యాలి, దానికే అరగంట పడుతుంది. ఫోను మోగింది. వదిన ఎడమ చేత్తో నొక్కడం రాక స్పీకర్ పెట్టేసింది.

"అక్కా, ఈ బ్యాగు ఎడమ భుజాన్ని కోసేస్తోంది. ఒరుసుకుపోయి రక్తం వస్తోంది. ఎలా సర్దుకోవాలో దాన్నడుగు."

"దాన్నంటే ఎవర్ని?" అంది వదిన. "నా ఇంట్లో పిల్లి కూడా ఉంది మరి."

అటు నుంచి లారీ ఏదో వెళ్ళిన చప్పుడు వచ్చింది.

నేను వదిన చెవి దగ్గర మెల్లగా చెప్పాను. బరువున్న వస్తువులు అడుగున కాదు, వీపుకి ఆనేలా మధ్యలో పెట్టుకోమనండి. వదిన అరిచి చెప్పింది. నీళ్ళ సీసాలు రెండు పక్కలా సమంగా ఉండాలనండి. అదీ చెప్పింది. మూడోది చెప్పబోతుంటే ఫోను తీసి నా ఒళ్ళో పడేసింది. "చెయ్యి విరిగినదాన్ని. మీ ఇద్దరి మాటలూ నేను మొయ్యలేను" అంది.

ఫోను ఎడమ చేతిలోకి తీసుకున్నాను.

"ముందు నడుం పట్టీ బిగించండి" అన్నాను. "బొడ్డుకి కాస్త కిందికి. భుజం పట్టీలు అప్పుడే ముట్టుకోకండి."

"ఊఁ."

క్లిప్పు పడ్డ చప్పుడు వినిపించింది.

"ఇప్పుడు భుజం పట్టీలు. రెండూ ఒకేసారి లాగండి. ఎడమది ఒక వేలు వదులుగా. ఒరుసుకున్న చోట మేజోడు మడిచి పెట్టండి."

"ఊఁ."

"ఇప్పుడు ఎలా ఉంది?"

"నడిస్తే గానీ తెలీదు."

"నడిచి చూడండి మరి."

ఫోను జేబులో పడేసుకున్నట్టున్నాడు, గరగరమని చప్పుడైంది. తర్వాత బూట్ల చప్పుడు, కంకర మీద. చేతికర్ర ఆనిన టక్కు. పెట్టెయ్యడం మర్చిపోయాడనుకున్నాను. వదిన ఊరుకోమని సైగ చేసింది. అడుగులు సమంగా పడుతున్నాయి. కాసేపటికి రోడ్డు వంతెన ఏదో ఎక్కుతున్నట్టుంది, ఊపిరి పెద్దదైంది. నేను దువ్వెన గట్టిగా పట్టుకున్నాను. ఊపిరి తడబడలేదు. బరువు మోస్తూ ఎక్కే మనిషి ఊపిరి ఎలా ఉండాలో అలాగే ఉంది. ఇన్ని నెలలూ నేను ఆగిపోతుందేమోనని విన్నానే గానీ, ఆడుతోందని ఒక్కసారీ వినలేదు.

అప్పుడు దారి మాస్టారి గొంతు వినిపించింది. "ఏమండీ, మీ ఫోను ఆపలేదు, జేబులో వెలుగుతోంది."

"ఉండనివ్వండి మాస్టారూ" అన్నాడు ఈయన. "మా ఆవిడ వింటోంది."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఆపుకున్నాను. నేను ఏడిస్తే ఆ అడుగులు నాకు వినపడవు.